మూడు ఎస్టిమేట్లు, ఒకే గడ్డ: పెద్దపేగు క్యాన్సర్‌కి ఏ ఆపరేషన్ ఎంచుకోవాలి?

మా పెదనాన్నకి పెద్దపేగులో క్యాన్సర్ అని బయాప్సీలో తేలిన పది రోజుల్లో మా చేతికి మూడు ఎస్టిమేట్లు వచ్చాయి. మొదటి ఆస్పత్రిలో రోబోటిక్ సర్జరీ అన్నారు. రెండో చోట చిన్న రంధ్రాల్లోంచి కెమెరా, పరికరాలు పంపి చేసే లాపరోస్కోపీ చాలన్నారు. మూడో చోట తల నెరిసిన సర్జన్ ఒకాయన పొట్ట నొక్కి చూసి, సీటీ ఫిల్మ్‌ని లైటుకి పెట్టి, "ఓపెన్ చేసేద్దాం, గంటన్నర పని" అన్నారు, అంటే పొట్ట కోసి చేసే పాత పద్ధతి. రోబోకీ లాపరోస్కోపీకీ మధ్య తేడా లక్షన్నర పైచిలుకు. ఆ రాత్రి ఇంట్లో ఎంత గొడవ జరిగిందో మీరు ఊహించుకోవచ్చు. "డబ్బు ముఖ్యమా, మనిషి ముఖ్యమా?" అని మా మేనత్త ఒక్క మాటతో అందరి నోళ్లూ మూయించింది.

ఆ మాట వెనక ఒక లెక్క ఉంది. ఎక్కువ ఖర్చు పెడితే మనిషి ఎక్కువ కాలం బతుకుతాడని. అది నిజమో కాదో చూద్దామనే చదవడం మొదలుపెట్టాను. నేను డాక్టర్ని కాను. వందలమంది రోగుల మీద జరిపిన పెద్ద పరీక్షల (ట్రయల్స్) ఫలితాలు చదివి, మూడు ఓపీల్లో డాక్టర్లని విసిగించి తెలుసుకున్నది రాస్తున్నాను. మీ కేసులో ఆఖరి మాట మీ సర్జన్‌దే. ఆయన ముందు కూర్చున్నప్పుడు ఏం అడగాలో తెలిస్తే చాలు.

లోపల చేసే పని ఒకటే

ఓపెన్, లాపరోస్కోపీ, రోబో అనేవి పొట్టలోకి వెళ్లే మూడు దారులు. లోపలికి వెళ్లాక మూడింటిలోనూ చెయ్యాల్సింది ఒకటే. గడ్డ ఉన్న పేగుని, దానికి అటూ ఇటూ కనీసం 5 సెంటీమీటర్ల మంచి పేగుతో కలిపి, ఆ భాగానికి రక్తం తెచ్చే నాళాలు, వాటి వెంట ఉండే లింఫ్ గ్రంథులతో సహా ఒకే ముక్కగా తీసెయ్యాలి. మిగిలిన రెండు కొసల్నీ కలిపి అతకాలి. క్యాన్సర్ మళ్లీ వస్తుందా రాదా అన్నది ఈ పని ఎంత శుభ్రంగా జరిగింది, గడ్డ అప్పటికి ఏ స్టేజీలో ఉంది అన్న రెండింటి మీదే ఎక్కువగా ఆధారపడుతుంది. పొట్ట మీద గాటు ఎంత పొడుగు అన్నదాని మీద కాదు.

ఎంత పేగు తీస్తారన్నది గడ్డ ఉన్న చోటుని బట్టి. కుడివైపు ఉంటే రైట్ హెమీకొలెక్టమీ: చిన్నపేగు చివర కొంచెం, అపెండిక్స్ ఉండే చోటు, పైకి వెళ్లే పెద్దపేగు పోతాయి. ఎడమవైపు ఉంటే లెఫ్ట్ హెమీకొలెక్టమీ. కింద మెలిక తిరిగే చోట ఉంటే సిగ్మాయిడ్ కొలెక్టమీ. పెదనాన్నది కుడివైపు. అక్కడ మలం ఇంకా పల్చగానే ఉంటుంది కాబట్టి గడ్డ పెరిగినా తొందరగా అడ్డుపడదు, రక్తం కంటికి కనపడకుండా కొంచెం కొంచెంగా పోతూ ఉంటుంది. హిమోగ్లోబిన్ 7.8కి పడిపోయి, మెట్లెక్కితే ఆయాసం వస్తుంటే మేము మొదట వెళ్లింది గుండె డాక్టరు దగ్గరికి. ఎడమవైపు గడ్డ ఉన్నవాళ్లకి రక్తం కనపడుతుంది, కానీ మొలలు అనుకుని నెలల తరబడి లేపనాలతో గడిపేస్తారు.

ఇక్కడే ఇంకో తేడా తెలుసుకోవాలి, ఎందుకంటే ప్రకటనల్లో దీన్ని కలిపేస్తారు. పెద్దపేగు వేరు, దాని చివర మలద్వారానికి పైన ఉండే పురీషనాళం వేరు. డాక్టర్లు రెక్టమ్ అంటారు. అది కటి ఎముకల మధ్య ఇరుకులో ఉంటుంది. అక్కడ ఆపరేషన్ కష్టం, ముందు రేడియేషన్ కూడా ఇవ్వాల్సి రావచ్చు, మలం పోవడానికి పొట్ట మీద సంచి పెట్టే అవకాశం ఎక్కువ. నేను రాసేదంతా పెద్దపేగు గురించి. రెక్టమ్ క్యాన్సర్ అయితే లెక్కలు చాలావరకు మారిపోతాయి.

పని శుభ్రంగా జరిగిందా లేదా అని మామూలు మనిషి తెలుసుకునే దారి ఒకటుంది. ఆపరేషన్ తర్వాత, తీసిన ముక్కని ల్యాబులో చూసి ఇచ్చే హిస్టోపాథాలజీ రిపోర్టులో ఎన్ని లింఫ్ గ్రంథులు దొరికాయో రాస్తారు. కనీసం 12 ఉండాలన్నది ప్రపంచమంతా ఒప్పుకున్న లెక్క. అంతకన్నా తక్కువ ఉంటే, క్యాన్సర్ గ్రంథుల్లోకి పాకలేదు అన్న మాటని పూర్తిగా నమ్మలేం. మా ఆఫీసులో ఒకావిడ వాళ్ల అమ్మగారికి ఆపరేషన్ అయ్యాక రిపోర్టులో ఆరే గ్రంథులు వచ్చాయి. స్టేజ్ రెండు అన్నారు కానీ, ఆ ఆరూ చూసి నమ్మకం కుదరక కీమో ఇచ్చారు. సర్జన్ తక్కువ తీశారా, ల్యాబులో సరిగ్గా వెతకలేదా అన్నది ఇప్పటికీ తేలలేదు. చిత్రం ఏమిటంటే, ఆమెకి జరిగింది చిన్న రంధ్రాల ఆపరేషనే. పొట్ట మీద మచ్చలు చాలా అందంగా ఉన్నాయట.

ఓపెన్, లాపరోస్కోపీ: ముప్ఫై ఏళ్ల తగువు

పెద్దపేగుకి లాపరోస్కోపీ ఆపరేషన్ గురించి మొదటి రిపోర్టు 1991లో అమెరికాలోని మయామి నుంచి వచ్చింది. ఆ తర్వాత కొన్నేళ్లు పెద్ద భయం నడిచింది. రంధ్రాలు పెట్టిన చోట్లే క్యాన్సర్ మళ్లీ మొలుస్తోందని అక్కడక్కడా కేసులు వినపడ్డాయి. లాపరోస్కోపీలో చోటు కోసం పొట్టలో గ్యాస్ నింపడం వల్ల క్యాన్సర్ కణాలు చెదిరిపోతున్నాయేమో అన్నారు. చాలామంది సర్జన్లు పేగు క్యాన్సర్‌కి లాపరోస్కోపీ వద్దే వద్దన్నారు. మా మూడో డాక్టరుగారు బహుశా ఆ రోజుల్లో చదువుకున్నవారే.

ఆ తగువు తేల్చింది 2004లో వచ్చిన కాస్ట్ ట్రయల్. అమెరికా, కెనడాల్లో 48 ఆస్పత్రులు, 872 మంది రోగులు. చీటీ తీసినట్టు సగంమందికి ఓపెన్, సగంమందికి లాపరోస్కోపీ. మూడేళ్లలో క్యాన్సర్ తిరగబెట్టింది ఓపెన్‌లో నూటికి 18 మందికి, లాపరోస్కోపీలో 16 మందికి. మూడేళ్లకి బతికున్నవాళ్లు 85, 86 శాతం. అంటే తేడా లేదనే అర్థం. గాయం దగ్గర క్యాన్సర్ మొలవడం రెండింటిలోనూ నూటికి ఒకరికన్నా తక్కువ. భయం అక్కడితో తీరింది.

మరి లాపరోస్కోపీ వల్ల దక్కింది ఏమిటి? ఆస్పత్రిలో 6 రోజులకి బదులు 5 రోజులు. గట్టి నొప్పి ఇంజెక్షన్లు 4 రోజులకి బదులు 3 రోజులు. దీనికి బదులుగా ఆపరేషన్ టేబుల్ మీద ఎక్కువసేపు: ఓపెన్‌కి 95 నిమిషాలైతే లాపరోస్కోపీకి 150. మా పెద్ద డాక్టరుగారు చెప్పిన గంటన్నర అబద్ధం కాదు.

ఇంత చిన్న తేడాకేనా ఇంత హడావిడి అనిపించింది నాకు మొదట. తర్వాత అర్థమైంది. ఒక రోజు ముందు డిశ్చార్జ్ అన్నది కాగితం మీద చిన్నదే. ఓపెన్ ఆపరేషన్‌లో పొట్ట మధ్యలో 15 నుంచి 20 సెంటీమీటర్ల కోత పడుతుంది. దగ్గినా తుమ్మినా దిండు అదుముకోవాలి. నొప్పికి గాలి పూర్తిగా పీల్చలేకపోతే ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరుతుంది. లాపరోస్కోపీలో నాలుగైదు చిన్న రంధ్రాలు, ముక్కని బయటికి తియ్యడానికి నాలుగైదు సెంటీమీటర్ల కోత ఒకటి. చీము పట్టడం తక్కువ, గ్యాస్ పోవడం, మోషన్ అవడం ముందు. పెద్ద కోత తర్వాత కొన్నాళ్లకి పొట్ట గోడ బలహీనపడి హెర్నియా వచ్చేవాళ్లు నూటికి పదిమందికి పైనే ఉంటారు, అది మళ్లీ ఇంకో ఆపరేషన్. పొలం పని చేసేవాళ్లకి, బిందెలు, గ్యాస్ సిలిండర్లు ఎత్తేవాళ్లకి ఇది చిన్న విషయం కాదు.

యూరప్‌లో కలర్ అనే ట్రయల్‌లో 1248 మంది చేరారు. మూడేళ్లకి బతికున్నవాళ్లు ఓపెన్‌లో 84.2 శాతం, లాపరోస్కోపీలో 81.8. ఈ అంకెని చూపించి ఓపెనే మేలు అనేవాళ్లున్నారు. కానీ అంత చిన్న తేడా కాకతాళీయంగానూ రావచ్చు. జపాన్‌లో 1057 మందితో జరిగిన జేసీఓజీ 0404లో ఐదేళ్లకి ఓపెన్ వాళ్లు 90.4 శాతం, లాపరోస్కోపీ వాళ్లు 91.8 శాతం బతికున్నారు. అన్నీ కలిపి చూస్తే క్యాన్సర్ విషయంలో రెండూ సమానమే.

ఈ పరీక్షల్లో నా కళ్లు నిలిచిపోయిన అంకె వేరే ఉంది. లాపరోస్కోపీతో మొదలుపెట్టి, మధ్యలో కుదరక పొట్ట కోసినవి ఎన్ని? దీన్ని కన్వర్షన్ అంటారు. 2005లో వచ్చిన బ్రిటన్ క్లాసిక్ ట్రయల్‌లో పెద్దపేగు కేసుల్లో నూటికి 25. కాస్ట్‌లో 21. జపాన్‌లో 5.4. పరికరాలు దాదాపు అవే, రోగం అదే. తేడా చేతుల్లో ఉంది, ఎవర్ని ఎంచుకుని చేశారన్నదాంట్లో ఉంది. క్లాసిక్‌లో మధ్యలో ఓపెన్‌కి మారినవాళ్లకే ఎక్కువ సమస్యలు వచ్చాయి. అలాగని కన్వర్షన్ తప్పు కాదు. రక్తస్రావమో, గడ్డ పక్క అవయవానికి అతుక్కునుండడమో కనపడితే కోత పెట్టడమే తెలివైన పని. ఓపెన్‌కి మారడానికి మొహమాటపడే సర్జన్ అంటేనే నాకు భయం.

కాబట్టి మీ సర్జన్‌ని అడగాల్సిన మొదటి ప్రశ్న: "డాక్టర్ గారూ, పేగు క్యాన్సర్ ఆపరేషన్లు మీరు ఏడాదికి ఎన్ని చేస్తారు? అందులో మధ్యలో ఓపెన్‌కి మార్చాల్సి వచ్చేవి ఎన్ని?" అడగడానికి మొహమాటం వేస్తుంది, నిజమే. మా రెండో డాక్టరుగారు చిరాకుపడకుండా వేళ్ల మీద లెక్కపెట్టి చెప్పారు. మొదటి చోట ఆ ప్రశ్నకి రోబో బ్రోషర్ చేతికిచ్చారు.

రోబో సంగతి

రోబో దానంతటది ఆపరేషన్ చెయ్యదు. ఇది చెప్తే నవ్వుతారు గానీ, పెదనాన్న నిజంగానే "మనిషి ఉండడా పక్కన?" అని అడిగారు. సర్జన్ అదే గదిలో కన్సోల్ ముందు కూర్చుని చేతులు కదుపుతుంటే, రోగి పొట్టలోకి వెళ్లిన సన్నటి చేతులు అలాగే కదులుతాయి. బొమ్మ త్రీడీలో, పెద్దదిగా కనపడుతుంది. లాపరోస్కోపీ కర్రలు నిటారుగా ఉంటాయి, రోబో చేతులు మణికట్టులా తిరుగుతాయి, వణకవు. ఇరుకు చోట కుట్లు వెయ్యడం సులువు. డావిన్చీ రోబోకి అమెరికాలో 2000లో అనుమతి వచ్చింది. ఇప్పుడు హైదరాబాద్‌లో పెద్ద ప్రైవేటు ఆస్పత్రుల హోర్డింగుల మీద దాని బొమ్మే.

ఇంత సౌకర్యం రోగికి ఎంత లాభంగా మారింది? కుడివైపు పెద్దపేగు మీద కొరియాలో 70 మందితో ఒక పరీక్ష చేసి 2012లో ఫలితాలు ఇచ్చారు. లాపరోస్కోపీకి సగటున 130 నిమిషాలు పడితే రోబోకి 195 పట్టింది. ఆస్పత్రిలో ఉన్న రోజులు దాదాపు సమానం, సమస్యలూ సమానం, ఖర్చు మాత్రం రోబోకి ఎక్కువ. అది చిన్న పరీక్ష, పన్నెండేళ్లు దాటింది, ఇప్పటి సర్జన్ల వేగం పెరిగింది. అయినా పెద్దపేగు క్యాన్సర్‌లో రోబోతో ఎక్కువ కాలం బతుకుతారని చూపించిన గట్టి పరీక్ష నాకు కనపడలేదు.

రోబో గెలిచినట్టు చెప్పేవి చాలావరకు రెక్టమ్ లెక్కలు. అక్కడ కూడా మొదట్లో గెలవలేదు. 2017లో వచ్చిన రోలార్ ట్రయల్‌లో 471 మందిలో ఓపెన్‌కి మారినవి రోబోలో 8.1 శాతం, లాపరోస్కోపీలో 12.2. తేడా ఉన్నట్టు కనపడినా గణితపరంగా నిలబడలేదు. చైనాలో జరిగిన రియల్ ట్రయల్ 2025లో ఇచ్చిన ఫలితాలు మాత్రం గట్టివే: మూడేళ్లలో క్యాన్సర్ అదే చోట తిరగబెట్టింది రోబోలో 1.6 శాతం, లాపరోస్కోపీలో 4 శాతం. అది రెక్టమ్ మధ్య, కింది భాగాల్లో గడ్డలున్నవాళ్లకి, బాగా చెయ్యి తిరిగిన సర్జన్ల చేతుల్లో. బంధువుల్లో ఎవరికైనా రెక్టమ్‌లో కింద గడ్డ ఉంటే, స్తోమత ఉంటే, రోబో గురించి ఆలోచించమనే చెప్తాను. పెదనాన్న కుడివైపు గడ్డకి ఆ అంకెని చూపించి లక్షన్నర అడగడం మాత్రం నాకు నచ్చలేదు.

ఒక్క మాట రోబో తరఫున. బాగా లావుగా ఉన్న మగవాళ్లకి, లోపలే పేగు కొసల్ని కుట్టి అతకాల్సినప్పుడు, సర్జన్ రోబో మీదే ఎక్కువ అలవాటు పడి ఉంటే అదే మంచిది. ఆరోగ్యశ్రీ కిందో, ఎన్టీఆర్ వైద్య సేవ కిందో, ఇన్సూరెన్స్ మీదో వెళ్తుంటే రోబో అదనపు ఖర్చు ప్యాకేజీలో ఉందా లేదా అని చేరకముందే ఆరోగ్యమిత్ర దగ్గరో, ఇన్సూరెన్స్ పనులు చూసే టీపీఏ డెస్క్‌లోనో కాగితం మీద రాయించుకోండి. నోటి మాట డిశ్చార్జ్ రోజున ఎవరికీ గుర్తుండదు.

ఎవరికి ఏది

గడ్డ మరీ పెద్దది కాకపోయి, పక్క అవయవాలకి పాకకుండా ఉండి, అలవాటైన సర్జన్ దొరికితే లాపరోస్కోపీ. ఇది నా అభిప్రాయం మాత్రమే కాదు, ఇప్పుడు చాలా దేశాల్లో మామూలు పద్ధతి. వయసు పైబడినవాళ్లకి దీనివల్ల మేలు ఇంకా ఎక్కువ, త్వరగా లేచి తిరుగుతారు కాబట్టి. గుండె, ఊపిరితిత్తులు బాగా బలహీనంగా ఉంటే పొట్టలో గ్యాస్ ఒత్తిడి, తల కిందికి వంచిన టేబుల్ తట్టుకోగలరా అని మత్తు డాక్టరు తేల్చాలి.

ఓపెన్ ఎప్పుడు మంచిది? గడ్డ పొట్ట గోడకో, మూత్రాశయానికో, చిన్నపేగుకో అతుక్కుని అన్నిటినీ కలిపి తియ్యాల్సి వచ్చినప్పుడు. పాత ఆపరేషన్ల వల్ల లోపలంతా అతుకులు పడినప్పుడు. పేగు మూసుకుపోయి బెలూన్‌లా ఉబ్బినప్పుడు, చిల్లు పడినప్పుడు. ఇంకా, మీకు అందుబాటులో ఉన్న మంచి క్యాన్సర్ సర్జన్ ఓపెన్‌లో సిద్ధహస్తుడై, లాపరోస్కోపీ ఏడాదికి రెండో మూడో చేసేవారైతే. ఈ ఆఖరిది రాయడానికి కొంచెం ఆలోచించాను, కానీ కన్వర్షన్ అంకెలు చూశాక ఇలాగే అనిపిస్తోంది. హైదరాబాద్‌లో ఎంఎన్‌జే, నిమ్స్, బసవతారకం, విశాఖలో టాటా వాళ్ల హోమీ భాభా క్యాన్సర్ ఆస్పత్రి లాంటి చోట్ల ఒకసారి రెండో అభిప్రాయం తీసుకుంటే పోయేదేం లేదు. వారం పది రోజుల ఆలస్యంతో స్టేజీ మారిపోదు, పేగు మూసుకుపోయే లక్షణాలు లేనంతవరకు.

సర్జన్లు తమలో తాము వాదించుకునే ఇంకో విషయం ఉంది: లింఫ్ గ్రంథుల్ని ఎంత లోతు దాకా తీయాలి? జర్మనీలోని ఎర్లాంగెన్‌లో హోహెన్‌బెర్గర్ బృందం రక్తనాళం మొదలు దాకా వెళ్లి, పేగు చుట్టూ ఉన్న పొర చిరగకుండా తీసే పద్ధతి పెట్టింది. అక్కడ అదే చోట క్యాన్సర్ తిరగబెట్టడం 6.5 నుంచి 3.6 శాతానికి తగ్గిందని 2009లో చెప్పారు. కానీ అది పాత రోగుల్ని కొత్త రోగులతో పోల్చిన లెక్క. చైనాలో రెలార్క్ అనే పరీక్షలో చీటీ తీసి పోలిస్తే మూడేళ్లకి రోగం లేకుండా ఉన్నవాళ్లు లోతుగా తీసినవాళ్లలో 86.1, మామూలుగా తీసినవాళ్లలో 81.9 శాతం. తేడా ఉంది, గట్టిగా రుజువు కాలేదు. పెద్ద రక్తనాళాలకి దెబ్బ తగలడం మాత్రం ఒక శాతం నుంచి మూడుకి పెరిగింది. దీన్ని రోగి ఎంచుకోలేడు. "మీరు గ్రంథులు ఎంతవరకు తీస్తారు?" అని అడిగితే సర్జన్ చెప్పే తీరుని బట్టి ఆయన ఈ పని గురించి ఎంత ఆలోచించారో తెలుస్తుంది.

కోత అసలు అక్కర్లేకపోవచ్చు

మలద్వారం నుంచి కెమెరా గొట్టం పంపి చూసే కొలనోస్కోపీలో పాలిప్ (పేగు లోపలి గోడ మీద మొలిచే బొడిపె) తీసేశాక, ల్యాబులో అందులో క్యాన్సర్ కనపడితే అందరూ హడలిపోతారు. అన్నిసార్లూ పేగు కొయ్యక్కర్లేదు. పాలిప్ ముక్కలుగా కాక ఒక్కటిగా వచ్చి, అంచుల్లో క్యాన్సర్ లేకుండా, పైపొరల్లోనే 1 మిల్లీమీటర్ లోతు దాటకుండా, రక్తనాళాల్లోకీ లింఫ్ నాళాల్లోకీ చొరబడకుండా, కణాలు మరీ మొండి రకం కాకుండా ఉంటే పాలిప్ తీయడంతోనే వైద్యం అయిపోయినట్టు. తర్వాత గమనిస్తూ ఉంటే చాలు. ఆ షరతుల్లో ఒకటి తప్పినా గ్రంథుల్లోకి పాకి ఉండే అవకాశం ఉంటుంది, అప్పుడు ఆపరేషన్ మంచిది. గడ్డ చిన్నదైతే కొలనోస్కోపీ అప్పుడే పక్కన నల్ల సిరా చుక్క పెట్టించమనండి. లాపరోస్కోపీలో సర్జన్ చేత్తో తడిమి చూడలేరు, ఆ చుక్కే గుర్తు.

ఈమధ్య వచ్చిన మార్పుల్లో నన్ను బాగా ఆశ్చర్యపరిచింది వేరే. పెద్దపేగు క్యాన్సర్లలో నూటికి పది పదిహేను కేసుల్లో కణాలకి తమ డీఎన్ఏ తప్పుల్ని దిద్దుకునే శక్తి ఉండదు. బయాప్సీ ముక్క మీదే ఎంఎంఆర్ పరీక్ష చేసి చెప్పొచ్చు. నెదర్లాండ్స్‌లో నిష్ 2 అనే పరీక్షలో ఇలాంటివాళ్లకి ఆపరేషన్‌కి ముందు కొద్ది డోసులు ఇమ్యూనోథెరపీ, అంటే ఒంటి రోగనిరోధక శక్తిని క్యాన్సర్ మీదికి ఉసిగొల్పే మందులు, ఇచ్చారు. 95 శాతం మందిలో గడ్డ దాదాపు కరిగిపోయింది, 68 శాతంలో తీసిన పేగులో బతికున్న క్యాన్సర్ కణం ఒక్కటీ దొరకలేదు. ఈ మందులు మన దగ్గర చాలా ఖరీదు, ఇంకా ఎక్కడా అందరికీ ఇచ్చే పద్ధతి కాదు. కానీ ఆ ఎంఎంఆర్ పరీక్ష ఫలితం లేకుండా ఆపరేషన్ తారీఖు పెట్టుకోకండి. కుటుంబంలో ఇంకెవరికైనా రిస్కు ఉందా అన్నదానికి కూడా అదే మొదటి ఆధారం.

గడ్డ పెద్దదై పేగు గోడ దాటి ఉంటే ముందు ఆరు వారాలు కీమో ఇచ్చి తర్వాత ఆపరేషన్ చెయ్యడం ఇంకో దారి. బ్రిటన్, డెన్మార్క్, స్వీడన్‌లలో జరిగిన ఫాక్స్‌ట్రాట్ ట్రయల్‌లో 1053 మందిని పోల్చి చూస్తే, ఇలా చేసినవాళ్లలో రెండేళ్లలో క్యాన్సర్ మిగిలిపోవడం, తిరగబెట్టడం 21.5 నుంచి 16.9 శాతానికి తగ్గింది. అందరికీ కాదు, రకరకాల డాక్టర్లు కలిసి కూర్చునే ట్యూమర్ బోర్డులో తేల్చాల్సిన మాట.

పేగు మూసుకుపోతే

కడుపు ఉబ్బి, వాంతులై, రెండు మూడు రోజులుగా గ్యాస్ కూడా పోకుండా ఎమర్జెన్సీకి వెళ్తే పైన రాసినదంతా పక్కకి పోతుంది. కుడివైపు అయితే అప్పుడు కూడా గడ్డ తీసి అక్కడే అతకడం చాలాసార్లు కుదురుతుంది. ఎడమవైపు అయితే మూడు దారులు. గడ్డ తీసి, పై కొసని పొట్ట మీదికి తెచ్చి సంచి పెట్టడం. దీన్ని హార్ట్‌మన్ ఆపరేషన్ అంటారు. లేదా ముందు సంచి మాత్రమే పెట్టి, ఒళ్లు కుదుటపడ్డాక గడ్డ తీయడం. లేదా కొలనోస్కోపీతో గడ్డ మధ్యలో లోహపు స్టెంట్ (జాలీ గొట్టం) దూర్చి దారి తెరిచి, ఒకటి రెండు వారాల తర్వాత తాపీగా ఆపరేషన్ చెయ్యడం.

బ్రిటన్ క్రెస్ట్ ట్రయల్‌లో స్టెంట్ పెట్టినవాళ్లలో సంచి అవసరమైంది నూటికి దాదాపు 45 మందికి, నేరుగా ఎమర్జెన్సీ ఆపరేషన్‌కి వెళ్లినవాళ్లలో దాదాపు 70 మందికి. మరణాల్లో, క్యాన్సర్ తిరగబెట్టడంలో తేడా కనపడలేదు. స్టెంట్ పెట్టేటప్పుడు పేగుకి చిల్లు పడితే మాత్రం క్యాన్సర్ పొట్టంతా చిమ్ముతుంది, కాబట్టి ఇది రోజూ చేసే చెయ్యి అయ్యుండాలి. రాత్రి రెండింటికి ఆ చెయ్యి దొరక్కపోతే సంచే మేలు.

సంచి అంటే మనవాళ్లకి చావు కబురంత. పెళ్లిళ్లకి వెళ్లలేమని, గుడికి వెళ్లకూడదని, వాసన వస్తుందని. మంచి బ్యాగ్ సరిగ్గా అతికితే పక్కన కూర్చున్నవాళ్లకి తెలియదు. ప్లాన్ చేసి చేసే మామూలు పెద్దపేగు ఆపరేషన్‌లో సంచి చాలామందికి అక్కర్లేదు కూడా. తాత్కాలికం అని పెట్టే హార్ట్‌మన్ సంచి విషయంలో మాత్రం నిజం చెప్పాలి: కనీసం మూడోవంతు మందికి అది ఎప్పటికీ తిరిగి మూయరు, వయసు వల్లో, ఇంకో ఆపరేషన్ తట్టుకోలేకో. "మూడు నెలల్లో తీసేస్తాం" అన్న మాట వినగానే "మీ దగ్గర నిజంగా ఎంతమందికి తీశారు?" అని అడగండి.

అతుకు లీక్ అవడం అందరూ భయపడే సమస్య. దారి ఏదైనా ఈ ప్రమాదం పూర్తిగా పోదు. ఐదో రోజు దాటాక జ్వరం, గుండె దడ, తగ్గాల్సిన కడుపునొప్పి పెరగడం కనపడితే ఇంటి దగ్గర ఆగకండి. పొగతాగేవాళ్లు నాలుగు వారాల ముందే మానెయ్యాలి. రక్తం తక్కువగా ఉంటే ముందే సరిచెయ్యాలి. పెదనాన్నకి ఆపరేషన్ ముందు రెండుసార్లు ఐరన్ సెలైన్ పెట్టారు.

ఆపరేషన్ అయ్యాక

లాపరోస్కోపీయే చేయించాం, రెండో డాక్టరుగారి దగ్గర. మర్నాడు పొద్దున్నే నర్సు వచ్చి లేపి నడిపించింది. "కుట్లు ఊడిపోవూ?" అని పెద్దమ్మ గొడవ. ఆపరేషన్ రోజు నుంచే నీళ్లు తాగించడం, మర్నాడే లేపడం, పైపులు తొందరగా తీసెయ్యడం అనే ఈ పద్ధతిని 1990ల్లో డెన్మార్క్ సర్జన్ హెన్రిక్ కెహ్లెట్ మొదలుపెట్టారు. ఏ కోతైనా తొందరగా కోలుకునేలా చేసింది ఎక్కువగా ఇదేనని చాలామంది సర్జన్ల మాట. చక్కెర లేని చూయింగ్ గమ్ నమిలించారు, పేగులు త్వరగా కదులుతాయని. డెబ్భై రెండేళ్ల మనిషి బబుల్ గమ్ నములుతూ వార్డులో నడుస్తుంటే మనవళ్లు వీడియోలు తీశారు. ఐదో రోజున ఇంటికి వచ్చారు.

రిపోర్టులో 21 గ్రంథులు, రెండింట్లో క్యాన్సర్. స్టేజ్ మూడు. అంటే కీమో తప్పదు. ఇక్కడ ఆపరేషన్ దారికి ఇంకో ప్రాముఖ్యం ఉంది: కీమో ఎనిమిది వారాల లోపు మొదలైతే మేలు, ఆలస్యమయ్యేకొద్దీ ఫలితం తగ్గుతుంది. గాయం చీము పట్టి నెలన్నర మానకపోతే కీమో వెనక్కి పోతుంది. ఏ ఎస్టిమేట్‌లోనూ రాయని ఖర్చు అది.

ఇంకో ట్రయల్ గురించి చెప్పాలి, ఎందుకంటే అందులో చేయించింది వ్యాయామం. 2025లో వచ్చిన ఛాలెంజ్ ట్రయల్‌లో ఆపరేషన్, కీమో అయిపోయిన 889 మందిలో సగంమందికి మూడేళ్లు శిక్షకుడి పర్యవేక్షణలో వ్యాయామం చేయించారు, మిగతావాళ్లకి ఆరోగ్య పుస్తకం ఇచ్చారు. ఐదేళ్లకి రోగం లేకుండా ఉన్నవాళ్లు వ్యాయామం చేసినవాళ్లలో 80.3 శాతం, మిగతావాళ్లలో 73.9. ఓపెన్, లాపరోస్కోపీ, రోబోల మధ్య నేను ఇన్నాళ్లూ వెతికిన తేడా కన్నా ఇది పెద్దది.

ఇప్పుడు పెదనాన్న పొద్దున్నే చెరువు గట్టు మీద నడుస్తున్నారు. క్యాన్సర్ తిరగబెట్టిందా అని చూసే సీఈఏ రక్తపరీక్ష మూడు నెలలకోసారి, ఏడాదికి సీటీ స్కాన్, ఆపరేషన్ అయిన ఏడాదికి కొలనోస్కోపీ. తారీఖులన్నీ పెద్దమ్మ పాల లెక్క రాసుకునే పుస్తకం వెనక పేజీల్లో రాసి పెట్టింది.